ఇంట్లో బుజ్జి, బయట ఎవరు?



2020 వేసవి గుర్తుందిగా. అందరం తలుపులు వేసుకుని ఇళ్ళలో కూర్చున్న రోజులు. రాజమండ్రిలో మా పిన్ని ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు సంగీతం చెబుతోంది. పాఠాలు ఆగిపోయేసరికి ఆవిడకు పొద్దు గడవడం మానేసింది. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరే బుజ్జీ, నువ్వు కంప్యూటర్లవాడివి కదా, ఏదో ఒకటి చెయ్యరా" అంది. అలా అడిగితే కాదనలేం కదా. నెలకు కొంత అద్దె కట్టి ఒక క్లౌడ్ సర్వరు తీసుకున్నాను. ఉచితంగా దొరికే వీడియో సమావేశాల సాఫ్ట్‌వేరు ఒకటి అందులో పెట్టాను. పెట్టేటప్పుడు అది రెండు మూడు ప్రశ్నలు వేసింది. ఒక ప్రశ్నకు జవాబు తనే ఊహించి రాసుకుని, "ఇదేనా?" అన్నట్టు ఆగింది. చదవకుండా ఎంటర్ కొట్టాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరైనా వింటుంటే, మీరూ కొట్టే ఉంటారు, నాకు తెలుసు.

ఆ సాయంత్రం పిన్నీ నేనూ పరీక్షించి చూశాం. బొమ్మ స్పష్టంగా ఉంది. తంబూరా శ్రుతి కూడా చక్కగా వినపడింది. మర్నాడు పొద్దున్న పాఠం. కాకినాడ నుంచి ఒక శిష్యురాలు చేరింది, బాగుంది. డాలస్ నుంచి ఇంకో అమ్మాయి చేరింది, పిన్నితో కలిపి ముగ్గురు. అంతే, బొమ్మలు నల్లబడ్డాయి, గొంతులు పోయాయి. ఆ మూడో అమ్మాయి బయటికి వెళ్ళగానే మిగిలిన ఇద్దరికీ మాట వచ్చింది. తిరిగి చేరితే మళ్ళీ మూగనోమే. "అందుకేరా, పెద్దవాళ్ళు ముగ్గురు కలిసి బయల్దేరకూడదనేది" అంది పిన్ని. 

రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. తప్పు నేను చదవకుండా కొట్టిన ఆ ఎంటర్‌లో ఉంది. అక్కడ అడిగిన ప్రశ్న: ఈ సర్వరు బయటి అడ్రసు ఏమిటి? సర్వరు తనకు తెలిసిన అడ్రసే రాసుకుంది. అది తప్పు అడ్రసు.

తన అడ్రసు తనకు తెలియకపోవడమేమిటి అంటారేమో. మా ఇంటి సంగతే చెబుతాను. నన్ను ఇంట్లో బుజ్జి అంటారు. వీధి చివర ఇంకో బుజ్జి ఉన్నాడు, పక్క సందులో ఇద్దరు. మేమెవరం ఒకరికొకరు అడ్డు కాదు, ఎందుకంటే ఎవరింటి బుజ్జి ఆ ఇంటికే. బడి రిజిస్టరులో, రేషను కార్డులో నా పేరు వేరే. ఒకసారి ఆ పేరు మీద రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే, పోస్టుమాన్ మా వీధిలో నలుగురిని అడిగాడట. ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడని నలుగురూ చెప్పారు. అరుగు మీద కూర్చున్న మా నానమ్మ మాత్రం, "అదా, మా బుజ్జిగాడిదే, ఇలా తే" అంది. లోపలి పేరుకీ బయటి పేరుకీ లంకె ఆవిడ తలలోనే ఉండేది.

కంప్యూటర్ల లోకంలోనూ సరిగ్గా ఇలాగే జరిగింది. 1981లో ఖరారైన పద్ధతిలో ఐపీ అడ్రసు అంటే 32 బిట్ల సంఖ్య. మొత్తం కలిపితే 429 కోట్ల పైచిలుకు అడ్రసులు. అప్పట్లో అది సముద్రమనుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి చెరువని తెలిసింది. 1994లో కెల్డ్ ఎగవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక ఉపాయం రాసిపెట్టారు. ఇంట్లో ఎన్ని యంత్రాలున్నా లోపల ముద్దుపేర్లు పెట్టుకోండి, వీధిలోకి మాత్రం బయట చెల్లే పేరుతో వెళ్ళండి, గుమ్మం దగ్గర కూర్చున్న పెట్టె పేర్లు మారుస్తుంది అన్నారు. దాన్నే నాట్ అంటారు. నాకైతే అరుగు మీది నానమ్మ. అందరి ఉత్తరాలూ కేరాఫ్ ఒకే పేరు మీద పంపిస్తుంది. జవాబులు వచ్చాక ఏది ఎవరిదో గుర్తుపెట్టుకుని లోపల పంచుతుంది.

1996లో ఆ ముద్దుపేర్లు ఏవో కూడా తేల్చేశారు. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, ఇంకా 192.168తో మొదలయ్యేవి. ఇవి ఇంట్లో ఎవరైనా వాడుకోవచ్చు, వీధిలో చెల్లవు. ఈ మాట వింటున్న మీ ఇంట్లో వైఫై పెట్టె అడ్రసు బహుశా 192.168తోనే మొదలవుతుంది. మీ పక్కింటివాళ్ళదీ అంతే.

ఉపాయం బతికించింది గాని చెరువును నింపలేదు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలో మిగిలిన చివరి ఐదు గుత్తులనూ ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు తలా ఒకటి ఇచ్చేశారు. ఒక్కో గుత్తిలో కోటీ 67 లక్షల చిల్లర. మన ఆసియా వంతు చూసే రిజిస్ట్రీ ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉంది. రెండున్నర నెలలు తిరక్కుండానే వాళ్ళు ఆ ఆఖరి గుత్తిలో చెయ్యి పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి బయటి అడ్రసు అంటే కొనుక్కునే సరుకు. అమెజాన్ తన క్లౌడులో 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో బయటి అడ్రసుకు గంటకు అర సెంటు చొప్పున వసూలు చేస్తోంది. వినడానికి ఏముంది అనిపిస్తుంది. నెలకు సుమారు మూడు వందల రూపాయలు.

క్లౌడులో సర్వరు అద్దెకు తీసుకుంటే బయటి అడ్రసు కూడా ఇస్తారు కదా, మరి ఆ యంత్రానికి తెలియకపోవడమేమిటి అని నాకూ మొదట తట్టింది. చాలాచోట్ల ఆ అడ్రసు యంత్రం మీద ఉండదు. సంస్థవాళ్ళ సింహద్వారం దగ్గర ఒక పట్టీలో ఉంటుంది. ఫలానా బయటి అడ్రసుకు వచ్చినవన్నీ లోపల 10.0.0.5కి పంపు అని. యంత్రం మాత్రం జీవితాంతం తాను 10.0.0.5 అనే అనుకుంటుంది. ఎవరి వీపు వారికి కనపడదన్నట్టే.

ఇప్పుడు మా పాఠం సంగతికి రండి. ఇద్దరే ఉన్నప్పుడు ఆ సాఫ్ట్‌వేరు తెలివిగా తాను తప్పుకుని ఇద్దరినీ నేరుగా కలుపుతుంది. మూడో మనిషి రాగానే అందరి గొంతులూ సర్వరు గుండా వెళ్ళాలి. అప్పుడు సర్వరు ఒక్కొక్కరికీ, "మీ గొంతు ఈ అడ్రసుకు పంపండి" అని చీటీ ఇస్తుంది. ఆ చీటీలో 10.0.0.5 అని ఉంది! డాలస్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటరు ఆ అడ్రసు కోసం తన ఇంట్లోనే వెతుక్కుంది. కాకినాడ అమ్మాయి కంప్యూటరు వాళ్ళింట్లో వెతుక్కుంది. ఎవరింటి బుజ్జి వాళ్ళింట్లో ఉంటాడు, లేదా ఉండడు. మా బుజ్జి మాత్రం ఎక్కడా దొరకడు. వెబ్‌పేజీ మాత్రం అందరికీ ఎందుకు తెరుచుకుందంటే, సైట్ల పేర్ల పట్టికలో దాని పేరు పక్కన బయటి అడ్రసు నేనే చేత్తో రాశాను కాబట్టి. చీటీ రాసింది సర్వరు.

మరి సెటప్ సమయంలోనే సర్వరు తన బయటి పేరు కనుక్కోలేదా? కనుక్కోవచ్చు. దారులున్నాయి, ఏదీ నిర్దోషం కాదు.

అన్నిటికన్నా సులువు అద్దంలో చూసుకోవడం. యంత్రానికి ఉన్న నెట్‌వర్క్ కార్డులన్నీ లెక్కపెట్టి వాటి మీద ఏ అడ్రసు ఉందో చూడడం. ఈ రోజుల్లో ఒక్కో సర్వరు మీద డాకర్ వాడి వంతెనలు, వీపీఎన్ సొరంగాలు కలిపి అరడజను పేర్లుంటాయి. వాటిలో అసలుది ఏది? దీనికి ప్రోగ్రామర్లు ఒక చిట్కా వాడతారు, నాకు భలే ఇష్టం. 8.8.8.8 లాంటి దూరపు అడ్రసుకు యూడీపీ అనే పద్ధతిలో సాకెట్ ఒకటి కలుపుతున్నట్టు నటిస్తారు. యూడీపీలో కలపడమంటే బయటికి ఒక్క ప్యాకెట్టు కూడా వెళ్ళదు. కాని లోపల ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ మాత్రం, "అక్కడికి వెళ్ళాలంటే ఈ గుమ్మం, ఈ పేరు" అని తేల్చేసుకుంటుంది. ఆ పేరు అడిగి తెలుసుకుని, సాకెట్ మూసేస్తారు. ఊరికి బయల్దేరినట్టు చెప్పులు వేసుకుని, ఏ గుమ్మం వైపు అడుగు పడిందో చూసి, మళ్ళీ లోపలికి వచ్చెయ్యడమన్నమాట. చక్కటి చిట్కా. కాని తేలేది లోపలి పేరే. నా ఇన్‌స్టాలర్ ఊహించిన జవాబూ ఇలాంటిదే.

రెండో దారి ఇంటి యజమానిని అడగడం. పెద్ద క్లౌడ్ సంస్థల్లో చాలావాటిలో యంత్రం లోపలినుంచి 169.254.169.254 అనే అడ్రసుకు వెళ్ళి, "నా వివరాలు చెప్పు" అంటే చెబుతారు. ఈ 169.254 వరుస యంత్రం కలిసివున్న తీగ దాటి బయటికి పోని అడ్రసులకు కేటాయించింది. కాబట్టి జవాబు చెప్పేది పక్కనున్న యజమానే. పట్టీ వాడి దగ్గరే ఉంది కనుక సరైన జవాబే వస్తుంది. కాని ఆ యజమాని ఇంకా చాలా చెబుతాడు, తాళంచెవులతో సహా. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు కేసులో దొంగ బయటినుంచి ఒక ఫైర్‌వాల్ లోపం ద్వారా ఈ అడ్రసునే పలకరించి తాళాలు పట్టుకుపోయింది. పది కోట్ల మంది అమెరికన్ల వివరాలు బయటపడ్డాయి. అదే ఏడాది నవంబరులో అమెజాన్ ముందు ఒక టోకెన్ తీసుకుని తర్వాతే ప్రశ్న అడగాలనే పద్ధతి తెచ్చింది. అందువల్ల సెటప్ చేసే పాత స్క్రిప్టులు కొన్ని ఇప్పుడు అక్కడ అడిగితే గెంటించుకుంటాయి. పైగా ఒక్కో సంస్థకు ఒక్కో మర్యాద ఉంటుంది. చిన్న సంస్థల్లో, సొంత ఆఫీసు గదిలోని యంత్రంలో అడగడానికి యజమానే ఉండడు.

మూడోది, వీధిలోకి వెళ్ళి దారినపోయేవాణ్ణి, "బాబూ, నేను నీకెవరిలా కనపడుతున్నాను?" అని అడగడం. నిజంగానే ఇందుకోసం సైట్లున్నాయి. వెళ్ళి తలుపు కొడితే మన అడ్రసు ఒక్కటి చెప్పి పంపేస్తాయి, మరో మాట ఉండదు. మేజర్ హేడెన్ అనే ఆయన 2009లో అలాంటిది ఒకటి సరదాకు పెట్టాడు, పేరు ఐకెన్‌హాజ్‌ఐపీ. సెటప్ స్క్రిప్టులు రాసేవాళ్ళందరూ దాని పేరు తమ స్క్రిప్టుల్లో రాసేసుకున్నారు. రోజువారీ ప్రశ్నలు వంద కోట్లు దాటాయి. వైరస్‌లు రాసేవాళ్ళూ అదే వాడుకునేసరికి, ఏ పాపం ఎరగని ఆయన మీద ఫిర్యాదులు వచ్చాయి. చివరికి 2021లో దాన్ని క్లౌడ్‌ఫ్లేర్‌కు అప్పగించి చేతులు దులుపుకున్నాడు. ఒక మనిషి జేబు ఖర్చుతో నడిపే చలివేంద్రం దగ్గరికి ఊళ్ళో ట్యాంకర్లన్నీ వచ్చి నింపుకున్నట్టు ఉంది నాకు ఈ కథ.

దారినపోయేవాడు తప్పు చెప్పడా? చెప్పడు, తనకు కనపడిందే చెబుతాడు. మన ఆఫీసు ప్రాక్సీ గుండా వెళితే ప్రాక్సీ పేరు చెబుతాడు. వీపీఎన్ వేసుకుని వెళితే వీపీఎన్ పేరు. ఒక్కోసారి సైటు మొరాయించి, అడ్రసుకు బదులు "క్షమించండి, తర్వాత రండి" అనే పేజీ మొత్తం పంపిస్తుంది. బుర్ర లేని స్క్రిప్టు ఆ పేజీనంతటినీ తెచ్చి కాన్ఫిగ్ ఫైల్లో అడ్రసు ఉండాల్సిన చోట అతికిస్తుంది. ఇది నేను కళ్ళారా చూశాను. నాలుగు సంఖ్యలుండాల్సిన చోట రెండు పేజీల హెచ్‌టీఎమ్‌ఎల్!

ఈ మూడో దారికే పద్ధతిగా రాసిన అన్నగారు ఒకరున్నారు, స్టన్. ఇంటర్నెట్ ఫోన్ల కోసం 2003లో పుట్టింది. ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఒకటుంది. మొదట్లో స్టన్ సర్వరు మన బయటి అడ్రసును ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాసి పంపేది. కాని కొన్ని ఇళ్ళ గుమ్మాల దగ్గర అతిచొరవ పెట్టెలు ఉండేవి. కవరు మీద పేరు మార్చి ఊరుకోకుండా, ఉత్తరం విప్పి, లోపల ఎక్కడైనా బయటి పేరు కనపడితే దాన్ని కూడా కొట్టేసి "బుజ్జి" అని రాసేసేవి. సాయం చేస్తున్నామనుకునేవి పాపం. ఉత్తరం చేతికొచ్చేసరికి, "బయట నిన్ను బుజ్జి అంటారు" అని ఉండేది! 2008లో దీన్ని సరిదిద్దినవాళ్ళు ఏం చేశారో తెలుసా? అడ్రసును అందరికీ తెలిసిన ఒక సంఖ్యతో కలిపి రూపు మార్చి పంపమన్నారు. మనం చిన్నప్పుడు పెద్దవాళ్ళ ముందు క-భాష మాట్లాడుకోలేదూ, ప్రతి అక్షరం ముందూ "క" చేర్చి? అదే. అది రహస్యం కాదు, ఎవరైనా విప్పగలరు. గుమ్మం దగ్గరి పెట్టె గుర్తుపట్టకుండా ఉంటే చాలు. ఇంటర్నెట్ ప్రమాణాల్లో క-భాష ఉందంటే మా పిన్ని ఇప్పటికీ నమ్మదు.

ఇంట్లో పెట్టుకునే చిన్న సర్వర్లకు మరో దారి ఉంది. వైఫై పెట్టెనే అడగడం. నానమ్మకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాని ఇప్పుడు మన ఊళ్ళలో చాలా ఫైబర్ కనెక్షన్లలో నానమ్మ పైన ఇంకో ముత్తవ్వ కూర్చుని ఉంటుంది. నెట్ ఇచ్చే కంపెనీవాళ్ళు వేలమంది ఇళ్ళను కలిపి ఒకే బయటి పేరు కింద పెడతారు. ఇందుకోసమే 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరుసను విడిగా ఇచ్చారు. మీ పెట్టెను అడిగితే 100.72 ఏదో చెబుతుంది. అది ముద్దుపేరులా కనపడదు, కాని అదీ వీధిలో చెల్లదు. ఇంట్లో సీసీ కెమెరాలు బిగించే కుర్రాళ్ళకు ఈ సిద్ధాంతమంతా తెలియకపోయినా ఫలితం బాగా తెలుసు. "సార్, ఫోన్లో నేరుగా చూడాలంటే స్టాటిక్ ఐపీ తీసుకోండి" అంటారు.

ఇన్ని చెప్పానుగాని, నన్ను అడిగితే అసలు చిక్కు వేరే చోట ఉంది. మనకు కావలసింది ఏమిటి? జనం మన దగ్గరికి ఏ పేరుతో రాగలరు అని. ఈ దారుల్లో చాలావాటికి తెలిసేది, మనం బయటికి వెళ్ళినప్పుడు ఏ పేరుతో కనపడుతున్నాం అని. రెండూ ఒకటేనని స్క్రిప్టులన్నీ అనుకుంటాయి. పెద్ద ఆఫీసుల్లో సర్వర్లన్నీ బయటికి వెళ్ళేందుకు నాట్ గేట్‌వే అని ఒక గుమ్మం ఉంటుంది, జనం లోపలికి వచ్చేందుకు లోడ్ బ్యాలెన్సర్ అని ఇంకో గుమ్మం. ఆ సర్వరు వెళ్ళి దారినపోయేవాణ్ణి అడిగితే దొడ్డిగుమ్మం పేరు చెబుతాడు. పెళ్ళి శుభలేఖ మీద ఆ పేరు అచ్చువేస్తే చుట్టాలందరూ దొడ్డిగుమ్మం దగ్గర గొళ్ళెం వేసిన తలుపు ముందు నిలబడతారు.

ఐపీ వీ6 వచ్చాక ఇంకో తమాషా. అందులో అడ్రసు 128 బిట్లు, ముద్దుపేర్ల అవసరమే లేదు, మన దేశంలో సగానికి పైగా జనం ఇప్పటికే వాడుతున్నారు. సర్వరుకు రెండు రకాలూ ఉంటే, బయట అడిగినప్పుడు చాలాసార్లు వీ6 జవాబే వస్తుంది. నాలుగు సంఖ్యలు వస్తాయని కూర్చున్న పాత సాఫ్ట్‌వేరు ఆ కోలన్లు చూసి బెంబేలెత్తుతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు రెండూ విడివిడిగా అడుగుతారు.

కనుక్కున్న పేరు నిలుస్తుందా అంటే అదీ లేదు. డబ్బు కలిసొస్తుందని నేను ఒకసారి రాత్రిపూట సర్వరు ఆపేసి పొద్దున్న పెట్టాను. అద్దె అడ్రసు మారిపోయింది. సెటప్ అప్పుడు రాసిన చీటీలో పాత అడ్రసే ఉంది. ఆ రోజూ పాఠం లేదు.

నేను రాసే స్క్రిప్టుల్లో ఇప్పుడు ఏం చేస్తానంటే, ముందు అద్దం చూసుకోమంటాను. దొరికింది ముద్దుపేర్ల వరుసలోదైతే అక్కడే ఆగి, యజమాని ఉంటే అడుగుతాను. లేకపోతే బయట ఇద్దర్ని అడుగుతాను, ఒకణ్ణి కాదు. ఒక్కొక్కరికి మూడు సెకన్లు గడువు. జవాబు అడ్రసులా ఉందా, పేజీలా ఉందా చూస్తాను. ఇద్దరూ ఒకే మాట చెబితే దాన్ని రాసుకుంటాను. అయినా చివర్లో మనిషిని అడుగుతాను. ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. ఓపెన్‌వీపీఎన్ నిలబెట్టడానికి ప్రపంచమంతా వాడే స్క్రిప్టు ఒకటుంది. లోపలి అడ్రసు కనపడగానే అది "ఈ సర్వరు నాట్ వెనకాల ఉంది, బయటి అడ్రసు ఏమిటి?" అని విడమరిచి అడుగుతుంది, తాను కనుక్కున్నది పక్కనే రాసి చూపిస్తుంది. "ఇదేనా?" అని ఊరికే అడిగితే నాలాంటివాడు ఎంటర్ కొట్టి టీకి వెళ్ళిపోతాడు. వీలైతే ఇంకో మెట్టు ఉంది. బయటినుంచి ఎవరిచేతనైనా ఆ అడ్రసు తలుపు కొట్టించి, లోపల చప్పుడు వినపడిందా అని చూడడం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్ ఇచ్చేముందు చేసేది ఇలాంటి పనే. సర్వరులో ఒక చోట గుర్తు పెట్టించి, బయటినుంచి వచ్చి ఆ గుర్తు కనపడిందా అని చూసి వెళతారు. 

మా పాఠానికి ఇదంతా అక్కర్లేకపోయింది. కాన్ఫిగ్ ఫైల్లో ఒకే ఒక్క వరుస మార్చాను. లోపల ఇది, బయట ఇది అని. సర్వరును తిరిగి నడిపించి, పొద్దున్న ఆరున్నరకు నేనూ ఒక మూల చేరి కూర్చున్నాను. పిన్ని శ్రుతి పెట్టింది. కాకినాడ అమ్మాయి వచ్చింది. విజయనగరం అమ్మాయి వచ్చింది. డాలస్‌లో అప్పుడు రాత్రి ఎనిమిది. ఆ అమ్మాయి కూడా వచ్చింది. ఊపిరి బిగపట్టి చూస్తున్నాను. తెర నల్లబడలేదు. ఇంతలో ఎక్కడో కుక్కరు కూత పెట్టింది. 

"ఎవరింట్లోనే అది?" అంది పిన్ని.

"మా ఇంట్లో కాదు టీచర్" అన్నారు ముగ్గురూ, ఒకేసారి.